తోక లెక్క

దేవసహాయం మాస్టారు రోజుకి పది మాటలిచ్చేవారు.
పదీ అప్పచెప్పకపోతే మర్నాడు ఇరవై.
"వడ్డీ అంతేనమ్మా" అనేవారు,
"ఇంగ్లీషు కూడా పాలకొల్లు షావుకారు లాంటిదే."

మా నాన్నది తోక లెక్క.
దాళ్వా పొట్టకొచ్చిందంటే
బుట్టలు కావిడికెత్తి గట్టు గట్టునా తిరిగి
బొరియల మొహాన వెదురుబద్ద వంచి,
గుప్పెడు వడ్లు ఎరేసి వచ్చేవాడు.
తెల్లారి చేతిలో ఎన్ని తోకలుంటే
రైతు అన్నిసార్లు జేబులో చెయ్యి పెట్టాలి.
ఆ డబ్బుల్లోదే నా జనరల్ నాలెడ్జి పుస్తకం.
అట్ట మీద భూగోళం, లోపల దేశాలూ రాజధానులూ,
ముందుగా తిరగేసింది నాన్నే కాబట్టి
మంగోలియా దగ్గర బురద వేలిముద్ర.

మాటల్ని ఊరంతా అతికించుకుంటూ తిరిగేదాన్ని.
సిల్ట్ అంటే ఒండ్రు, కాళ్ళు కడుక్కుంటున్నప్పుడు.
స్లూయిస్ అంటే తూము, దాని మీద కూచుని జామకాయ తింటున్నప్పుడు.
ఎబ్ అంటే పాటు.
ఇది మాత్రం సఖినేటిపల్లి రేవులో
పంటు కోసం నిలబడి నేర్చుకున్నాను.
నీళ్ళు సముద్రం కేసి జారిపోతున్నాయి,
చెప్పుల్లేని పాదం కిందనించి ఇసక మెల్లిగా తప్పుకుంటోంది.
ఆ మాట మర్చిపోవడం ఎలాగో నాకిప్పటికీ తెలీదు.

డెల్టా దగ్గర ఒకరోజు ఆగిపోయాను.
గ్రీకువాళ్ళ నాలుగో అక్షరమట, మూడు మూలలది.
అంటే ఇన్నాళ్ళూ మేం ఒక అక్షరం మీద కాపరమున్నాం.
సంతకం రాని మా తాత దాని మీదే పాక వేశాడు.
వరదొచ్చి అక్షరం మునిగిపోతే
ఏటిగట్టెక్కి కూచున్నాం,
మళ్ళీ తేలేదాకా.

రాజోలు లైబ్రరీలో పెద్ద డిక్షనరీ బీరువాలో ఉండేది.
జగదాంబ గారు ముందు నా చేతులు చూసేవారు,
తర్వాత తాళం తీసేవారు.
ఆ రోజు బ్యాండిట్ కోసం వెతుకుతున్నాను.
దానికి పై ఇంట్లోనే ఉంది: బ్యాండికూట్.
పెద్ద జాతి ఎలక.
పక్కన చీమల్లాంటి అక్షరాల్లో:
తెలుగు నించి. పందికొక్కు.

కుర్చీ చప్పుడైనట్టుంది, జగదాంబ గారు తలెత్తారు.
నా వేలు ఆ వరస మీంచి కదల్లేదు.
బళ్ళో నన్ను ఆ పేరుతోనే పిలిచేవాళ్ళు,
వాళ్ళకి పలకడం బాగానే వచ్చేది.
మూడువేల మాటలు ఎక్కడెక్కణ్ణించో మోసుకొచ్చుకున్నాను,
ఇదొక్కటి మా బుట్టలోంచి తప్పించుకుని
ఓడెక్కి వెళ్ళి, ఇంత లావు పుస్తకంలో బొరియ తవ్వుకుంది.

రాత్రి బుట్టలకి తాళ్ళు బిగిస్తున్న నాన్నతో చెప్పాను,
ఇంగ్లీషోళ్ళు నీ మాట పట్టుకెళ్ళారని.
తాడు పంటితో లాగి, తీరిగ్గా అడిగాడు.
"మరి తిరిగిచ్చేరా?"
ఇవ్వలేదు నాన్నా.
పైగా ఆస్ట్రేలియాలో ఇంకేదో జంతువుకి పెట్టేశారు.
దానికి పొట్ట కింద సంచీ ఉంటుందట.
నాన్న చేతులాగిపోయాయి.
"సంచీయే! అమ్మో,
ఇక్కడి దానికి సంచీ కూడా ఉంటే
గాదెలో గింజ మిగులుద్దా?"
చాలాసేపు నవ్వాడు, దగ్గొచ్చేదాకా.
నీళ్ళు తాగి, కాస్త ఆలోచించి,
"తోకుందా దానికి?"
ఉంది.
"అయితే పర్లేదు."

పరీక్షలో ఆ మాట రాలేదు.
ఎబ్‌కి వ్యతిరేకపదం అడిగారు.
పోటు వచ్చి పంటుని ఎత్తినట్టు దానంతటదే వచ్చింది.
మంగోలియా రాజధాని కూడా అడిగారు, ఒక మార్కు.
కళ్ళు మూసుకుంటే పేజీ కనపడింది.
పేరుండాల్సిన చోట
నాన్న వేలు.